కెపాసిటర్ ఫార్ములా ఎందుకు తిరగబడింది?

ఇంటర్లో ఎంపీసీ చదివిన తెలుగువాణ్ణి ఎవర్నైనా నిద్రలో లేపి అడగండి, ఒక్క ముక్క మాత్రం తడుముకోకుండా అప్పజెప్తాడు. "రెసిస్టర్లు సీరీస్‌లో కూడాలి, ప్యారలల్‌లో తిరగేసి కూడాలి. కెపాసిటర్లకి రివర్స్." అంతే, మళ్ళీ పడుకుంటాడు. పక్కింటాయన పేరు మర్చిపోయినవాళ్ళకి కూడా ఇది గుర్తుంటుంది. అంతా ఎంసెట్ మహిమ. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అంటే ప్రశ్నకి 67 సెకన్లు, ఓ అర సెకను కొసరు. ఆంధ్రలో 2021 నుంచీ, తెలంగాణలో 2024 నుంచీ పేరు ఈఏపీసెట్ అయింది గానీ సెకన్లేమీ పెరగలేదు. ఆ కాస్త టైములో "ఎందుకు రివర్స్?" అని అడిగేవాడు వెనకబడిపోతాడు. అంచేత ఎవరూ అడగరు.

క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్ళినప్పుడు ఈసీఈ, ట్రిపుల్ఈ పిల్లలు కనబడితే నేను జావా జోలికి పోకముందే ఇదడుగుతుంటాను. (పక్కన కూర్చున్న హెచ్ఆర్ ఆవిడ నావైపు అదోలా చూస్తుంది. చూడనీండి.) ఫార్ములా అందరూ చెప్తారు. "ఎందుకలా?" అనగానే మొహంలో కరెంటు పోతుంది. "డెఫినిషనే అంత సార్" అన్నవాడే అందరిలోకీ నయం. చిత్రమేంటంటే, నిజానికి వాడు జవాబు గుమ్మం దాకా వచ్చేశాడు. ఆ సంగతి వాడికి తెలీదు, అంతే.

నా మటుకు నేను చెప్పేదేంటంటే, అసలక్కడ రివర్సే లేదు. ఉన్నది ఒకటే నియమం. మనం ఒకదాన్ని అడ్డుగా కొలుస్తున్నాం, ఇంకోదాన్ని చోటుగా కొలుస్తున్నాం. రెండు రకాల తూకపురాళ్ళతో తూచి, లెక్కలు తేడాగా వచ్చాయని ఆశ్చర్యపోతున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వానంటే, మా అక్క కొడుకు. సీనియర్ ఇంటర్. ఓ రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. అక్కడ పొద్దున్న ఐదింటికి లేపుతారు, రాత్రి పదకొండు దాకా చదివిస్తారు. వాడు క్లాసులో లేచి ఈ ప్రశ్నే అడిగాట్ట. "ఎందుకు అనేది పీహెచ్‌డీలో అడుగుదువు గానీ, ముందు అప్లై చెయ్యి" అన్నాడట ఆ లెక్చరర్. క్లాసంతా నవ్వు. ఆ తర్వాత వాడు ఏ క్లాసులోనూ నోరు విప్పలేదు. వీకెండ్ టెస్టుల్లో ర్యాంకు జారింది, సెక్షన్ మార్చారు. సెలవులకి వచ్చినప్పుడు మా అక్క ఫోన్ చేసి, "ఒరే, వీడికి ఎంపీసీ పడట్లేదేమోరా, డిగ్రీలో వేద్దామంటున్నారు మీ బావ. నాలుగు రోజులు నీ దగ్గరుంచుకుని ఓసారి చూడు" అంది. సరైన ప్రశ్న అడిగినవాడికి బుర్ర లేదని ఇంట్లో తీర్మానం జరిగిపోతోందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. పంపించమన్నాను.

వచ్చినరోజే అడిగాను, "ఏంట్రా నీ డౌటు?" అని. కాసేపు నసిగి, రఫ్ నోట్సు తీశాడు. "మావయ్యా, రెసిస్టర్లు పక్కపక్కన ఒకే వరసలో పెడితే పెరుగుతున్నాయి కదా. కెపాసిటర్లు కూడా అదే వరసలో, అదే తీగతో పెడుతున్నాం. అవెందుకు తగ్గుతున్నాయి? రెండు డబ్బాలు కలిసి ఒక్క డబ్బా కంటే తక్కువ పట్టడమేంటి?"

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. నన్నడిగితే ఆ ఒక్క వాక్యానికి పది మార్కులెయ్యొచ్చు.

ముందు రెసిస్టర్ల సంగతి. వినాయక చవితి పందిట్లో వేలాడదీసే పాత సీరియల్ సెట్టు తెలుసుగా. ఆరేసి వోల్టుల బుల్బులు 38 వరసగా కడితే 228 వోల్టులు, ఇంటి కరెంటుకి సరిపోతుంది. అన్నిట్లోంచీ పారేది ఒకే కరెంటు. అందుకే ఒక్క బుల్బు పోతే మొత్తం ఆరిపోయి, పందిట్లో ఎవడో ఒకడు స్టూలెక్కి ఒక్కోటీ నొక్కి చూస్తుంటాడు. వోల్టేజీ మాత్రం ఒక్కో బుల్బు దగ్గర కాస్త కాస్త ఖర్చయి, మొత్తం కూడితే 228 అవుతుంది. ఇక ప్యారలల్ అంటే ఇంట్లో వైరింగు. ఫ్యానుకీ 230, ఫ్రిజ్జుకీ 230. కరెంట్లు మాత్రం ఎవడిది వాడిది, మీటరు దగ్గర అన్నీ కూడతాయి.

మీరు గమనించారో లేదో, ఇప్పటిదాకా చెప్పింది తీగలు ఎలా కట్టామన్నదాని గురించే. ఆ తీగల మధ్య ఏముందన్నది మనమింకా అడగలేదు. సీరీస్ అంటే పారేది ఒక్కటే, వోల్టేజీలు కూడతాయి. ప్యారలల్ అంటే వోల్టేజీ ఒక్కటే, పారేవి కూడతాయి. బుల్బు పెట్టినా, కెపాసిటర్ పెట్టినా, ఈ రెండు మాటలూ మారవు.

మరి ఎక్కడ మారింది? మనం వేసే ప్రశ్నలో. రెసిస్టరుని మనం "ఒక ఆంపియరు పంపాలంటే ఎన్ని వోల్టులు తోయాలి?" అనడుగుతాం. తెలుగు పుస్తకంలో పేరే నిరోధం, అంటే అడ్డు. భిన్నంలో వోల్టులు పైన కూర్చున్నాయి. కెపాసిటర్‌ని మాత్రం "ఒక వోల్టు పెడితే ఎంత చార్జి పడుతుంది?" అంటాం. ఇది చోటు. ఇక్కడ వోల్టులు కింద కూర్చున్నాయి. సీరీస్‌లో కూడేవి వోల్టులు కదా. పైన కూర్చున్నప్పుడు నేరుగా కూడతాయి, కింద కూర్చున్నప్పుడు తిరగేసి కూడతాయి. కథ ఇంతే.

నమ్మకపోతే ప్రశ్న మార్చి చూడండి. కెపాసిటర్‌ని కూడా "ఒక కూలంబు కూరాలంటే ఎన్ని వోల్టులు కావాలి?" అనడగండి. దీనికి ఓ పేరుంది, ఎలాస్టెన్స్. 1886లో ఆలివర్ హెవిసైడ్ పెట్టాడు. యూనిట్ కూడా ఉంది, డారాఫ్. ఫారడ్‌ని ఇంగ్లీషు స్పెల్లింగులో వెనకనుంచి చదివితే వచ్చే పేరది, ఆర్థర్ కెన్నెలీ అనే ఇంజినీరు పని. డారాఫ్‌లలో కొలిస్తే కెపాసిటర్లు సీరీస్‌లో బుద్ధిగా కూడతాయి, అచ్చం ఓముల్లాగే. అవతలివైపు రెసిస్టరుని అడ్డుగా కాకుండా దారిగా కొలిస్తే అది కండక్టెన్స్. దీని యూనిట్‌కి మనవాళ్ళు ఓమ్‌ని తిరగేసి 'మో' అనేవారు, 1971లో అంతర్జాతీయంగా సీమెన్స్ అయింది. మో లెక్కలో చూస్తే రెసిస్టర్లు ప్యారలల్‌లో నేరుగా కూడతాయి. సంక్రాంతికి విజయవాడ రోడ్డెక్కి పంతంగి టోల్ గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కౌంటర్లు పెంచితే కూడేది దారి. దాని వల్ల తగ్గేది అడ్డు.

"అయితే డారాఫ్ ఎందుకు వాడరు మావయ్యా?" అన్నాడు. అలవాటు లేదురా అన్నాను. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. తూకపురాళ్ళలో ఒకటి జనానికి నచ్చింది, ఇంకోటి నచ్చలేదు.

ఇంకా తేలిగ్గా కావాలంటే బొమ్మ వేసుకోవచ్చు. తీగ ఎంత పొడుగైతే అంత నిరోధం, ఎంత లావైతే అంత తక్కువ. కెపాసిటర్‌లో పలకలు ఎంత వెడల్పైతే అంత చోటు, వాటి మధ్య ఎడం ఎంత పెరిగితే అంత తక్కువ. సీరీస్ అంటే పొడుగులు కూడటం, ప్యారలల్ అంటే వెడల్పులు కూడటం. రెండు తీగలు వరసగా కలిపితే పొడుగు తీగ. రెండు ఒకే రకం కెపాసిటర్లు వరసగా కలిపితే, నడిమధ్య పలకల్ని పల్చన చేసుకుంటూ పోయి మాయం చేసెయ్యండి, రెట్టింపు ఎడం ఉన్న ఒకే కెపాసిటర్ మిగుల్తుంది. రెండిట్లోనూ పెరిగింది పొడుగే. తీగ ఫార్ములాలో పొడుగు పైనుంది, కెపాసిటర్ ఫార్ములాలో కిందుంది.

ఇక్కడే వాడి డబ్బాల ప్రశ్నకి జవాబు చెప్పాలి. ట్యాంకులు, నీళ్ళు అనే పోలిక ప్యారలల్‌కి బాగానే పనిచేస్తుంది. రెండు ట్యాంకులకి అడుగున పైపు కలిపితే నీళ్ళు కూడతాయి. సీరీస్‌కి ఆ పోలిక కొంప ముంచుతుంది. ఎందుకంటే మధ్యలో ఉన్న రెండు పలకలూ, వాటిని కలిపే తీగ ముక్కా ఓ లంక లాంటివి. బయట్నించి అక్కడికి ఒక్క ఎలక్ట్రాను రాదు, ఒక్కటి పోదు. ఒక పలక మీంచి ఇంకో పలక మీదకి సర్దుకోవడమే. అందుకే రెండిటి మీదా చార్జి సమానం, బ్యాటరీ నిజంగా ఇచ్చేది ఒక్కదానికి సరిపడేంతే. మరి రెండో డబ్బా ఏమైనట్టు? ఏమీ కాలేదు. చోటు సగమైనా, తట్టుకునే వోల్టేజీ రెట్టింపయింది. దాచే శక్తి చోటుతో పాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. సగాన్ని నాలుగుతో గుణిస్తే రెండు. రెండు డబ్బాల్లో రెండు డబ్బాల సరుకే ఉంది. అది వినగానే వాడి మొహం చూడాల్సింది.

కాగితం మీద చెప్పింది చేత్తో పట్టుకుంటే గానీ నాకు తృప్తి ఉండదు. రిమోటు ఫ్యాన్లు పెట్టించాక పీకేసిన ఫ్యాను రెగ్యులేటరొకటి సొరుగులో పడుంటే తీసి విప్పాను. లోపల రెండు కెపాసిటర్లు, 2.2 మైక్రోఫారడ్లదొకటి, 3.3దొకటి. (ఎలక్ట్రీషియన్‌కి మాత్రం అవి ఎప్పటికీ కండెన్సర్లే.) ఒకటో నంబరులో 2.2 ఒక్కటే ఫ్యానుకి వరసగా ఉంటుంది. రెండులో 3.3. మూడులో రెండూ ప్యారలల్, 5.5. నాలుగులో ఏమీ లేదు, కరెంటు నేరుగా ఫ్యానుకే. మన 50 హెర్ట్జుల ఏసీకి ఇవి వేసే అడ్డు లెక్క కట్టమన్నాను. 2.2కి 1447 ఓములు, 3.3కి 965, రెండూ కలిస్తే 579. ఇప్పుడు ఆ 1447నీ 965నీ మామూలు రెసిస్టర్ల ప్యారలల్ ఫార్ములాలో వెయ్యరా అన్నాను. వేశాడు. 579. ఓ నిమిషం కాలిక్యులేటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. కెపాసిటర్‌ని అడ్డుగా చూసినప్పుడు అది రెసిస్టర్ల నియమాన్నే పాటిస్తోంది. రివర్స్ ఎక్కడికి పోయింది?

(పాతకాలం రెగ్యులేటరు పెట్టెలో నిజంగానే రెసిస్టరు ఉండేది. చెయ్యి పెడితే చుర్రుమనేది. ఫ్యాను నెమ్మదిగా తిప్పితే కరెంటు పెద్దగా ఆదా అవ్వదనే మాట దాంతోనే పుట్టింది. కెపాసిటర్ తీసుకున్న శక్తిని సైకిల్లోనే తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి వేడెక్కదు.)

ఇంతవరకూ వస్తే చాలు, పరీక్షకి సరిపోతుంది. కానీ నాకసలు చెప్పాలనిపించింది దీని తర్వాతది. అది మన సాఫ్టువేరు వాళ్ళందరి కాళ్ళ దగ్గరా ఏళ్ళ తరబడి ఉండిన సరుకు.

అటక మీద మూడేళ్ళుగా మూలుగుతున్న పాత సీపీయూ దించి, దాని ఎస్ఎంపీఎస్ విప్పాం. (మీరు విప్పకండి, కారణం చెప్తాను.) లోపల రెండు లావుపాటి కెపాసిటర్లు పక్కపక్కన ద్వారపాలకుల్లా నిలబడి ఉంటాయి. ఒక్కోటీ 470 మైక్రోఫారడ్లు, 200 వోల్టులు. మన 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే శిఖరం 325 వోల్టులు వస్తుంది. 200 వోల్టుల కెపాసిటర్ దాన్ని తట్టుకోలేదు కాబట్టి రెండు సీరీస్‌లో పెట్టారు. కలిపి 235 మైక్రోఫారడ్లు, 400 వోల్టులు. ఒక్కోదానికి 162.5 వోల్టులు వాటా. ఫార్ములా ప్రకారం ఇక ఇంటికెళ్ళిపోవచ్చు.

కానీ బోర్డు మీద ఒక్కో కెపాసిటరుకీ అడ్డంగా ఓ రెసిస్టరు కూడా ఉంది. మావాడే కనిపెట్టాడు. "ఇవెందుకు మావయ్యా? ఊరికే కరెంటు తింటాయి కదా?"

ఎందుకంటే డబ్బా మీద 470 అని రాసున్నంత మాత్రాన లోపల 470 ఉండదు. ఈ రకం వాటికి ఇరవై శాతం అటూ ఇటూ మామూలే. 376దొకటి, 564దొకటి పడ్డాయనుకుందాం. చార్జి సమానం కాబట్టి చిన్నదానికి ఎక్కువ వోల్టేజీ పోతుంది. 325లో 195 దానికి, 130 పెద్దదానికి. గీతకి అయిదు వోల్టుల దూరం. అర్ధరాత్రి లోడు తగ్గి లైను 250కి పెరిగితే 212, గీత దాటినట్టే. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెద్దవాడికి పెద్ద వాటా వస్తుందంటారు. ఇక్కడ వోల్టేజీ భారం చిన్నవాడి నెత్తిన పడుతుంది.

ఇది స్విచ్చి వేసిన క్షణం సంగతి. ఆ తర్వాత ఇంకో కథ మొదలవుతుంది. అది నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. నిజమైన కెపాసిటర్ కారుతుంది. లోపల్నించి కొద్దికొద్దిగా కరెంటు లీకవుతూనే ఉంటుంది. అంటే మధ్యలో ఉన్న ఆ లంక అసలు లంక కాదు, సన్నటి కాలిబాట ఉంది. రెండు కెపాసిటర్లూ సరిగ్గా 470 అనే అనుకోండి. ఒకదాని లీకు 1 మెగా ఓము రెసిస్టరంత, ఇంకోదానిది 3 మెగా ఓములంత అనుకోండి. (నిజానికి లీకు వేడితోనూ వోల్టేజీతోనూ మారుతుంది. లెక్క కోసం స్థిరంగా ఉందనుకుందాం.) స్విచ్చి వెయ్యగానే చెరి సగం, 162.5. కాసేపటికి వాటాలు లీకుని బట్టి మారడం మొదలవుతుంది. చివరికి తక్కువ కారేదాని మీద 244 వోల్టులు, ఎక్కువ కారేదాని మీద 81. అంటే ఆరోగ్యంగా ఉన్నదే ముందు చస్తుంది! అదీ దారుణం.

ఎంతసేపట్లో? ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన తమాషా ఉంది. ఈ రెండు కెపాసిటర్లు సీరీసా, ప్యారలలా? రెండు చివర్ల నుంచి చూస్తే సీరీసే. మధ్య బిందువు దగ్గర నిలబడి చూడండి. చివర్లు రెండూ మెయిన్సుకి బిగించి ఉన్నాయి, కదలవు. కదిలేది మధ్య బిందువొక్కటే. అది ఒక్క వోల్టు కదలాలంటే రెండు కెపాసిటర్లనీ కదిలించాలి. అంటే దాని దృష్టిలో అవి ప్యారలల్, 940 మైక్రోఫారడ్లు. లీకులు కూడా ప్యారలలే, 0.75 మెగా ఓములు. రెండూ గుణిస్తే 705 సెకన్లు, సుమారు పన్నెండు నిమిషాలు టైం కాన్‌స్టెంటు. లెక్క ప్రకారం ఏడు నిమిషాలు దాటేసరికి 200 గీత దాటుతుంది. టీ తాగొచ్చేలోపు అన్నమాట. సీరీస్, ప్యారలల్ అనేవి వస్తువు గుణాలు కావు, ఎక్కణ్ణించి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటాయి. ఈ మాట చెప్పని సిలబస్ మీద నాకు చాలా కోపం.

ఇప్పుడా రెసిస్టర్లు. ఒక్కోదానికీ 100 కిలో ఓములు కడదాం. 1 మెగా ఓముతో ప్యారలల్ అయితే 90.9 కిలో ఓములు, 3 మెగా ఓములతో అయితే 96.8. కొత్త వాటాలు 157, 168. 244 ఎక్కడ, 168 ఎక్కడ! లీకులు మూడు రెట్లు తేడాగా ఉన్నా, వాటికంటే పెద్ద లీకుని మనమే రెండువైపులా సమానంగా పెట్టేసరికి వాటి తగువు వినపడకుండా పోయింది. పనిలో పనిగా, ప్లగ్గు పీకాక కెపాసిటర్లని ఖాళీ చేసే బాధ్యత కూడా వీటిదే. రెగ్యులేటరులో కూడా 220 కిలో ఓములవి కనిపించాయి, వాటి పనీ ఇదే.

మన భాషలో చెప్పాలంటే, లోడ్ బ్యాలెన్సర్ వెనకాల రెండు సర్వర్లు పెట్టాం. మొదటిరోజు పంపకం కెపాసిటీని బట్టి జరుగుతుంది, డాష్‌బోర్డంతా పచ్చగా ఉంటుంది. మూడు వారాల తర్వాత నిర్ణయించేది మెమరీ లీకు. అప్పుడు తెల్లారుజామున రెండింటికి ఫోనొస్తుంది. కెపాసిటీ ప్లానింగు పేరుతో మీటింగులు పెట్టేవాళ్ళలో లీకు గురించి అడిగినవాణ్ణి నేనింతవరకూ ఒక్కణ్ణే చూశాను. అతను మెకానికల్ చదివి వచ్చినవాడు.

ఈ జంట కెపాసిటర్లకి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ఎస్ఎంపీఎస్ వెనకాల ఎర్రటి చిన్న స్విచ్చి గుర్తుందా, 115, 230 అని? దాన్ని 115 వైపు జరిపితే ఏసీ తీగ ఒకటి నేరుగా మధ్య బిందువుకి కలుస్తుంది. అప్పుడు ఒక అర సైకిల్లో ఒక కెపాసిటరూ, ఇంకో అర సైకిల్లో రెండోదీ విడివిడిగా నిండుతాయి. అమెరికా కరెంటుకి ఒక్కోటీ 162, కలిపి అదే 325. ఎంత ముచ్చటైన డిజైనో! కానీ మన దేశంలో ఆ స్విచ్చి 115 మీద ఉంటే ఒక్కో 200 వోల్టుల కెపాసిటరు మీదా 325 పడుతుంది. 2002లో మా హాస్టల్లో ఒకడికి వాళ్ళన్నయ్య అమెరికా నుంచి సీపీయూ పంపాడు. కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు వెలిగించి మరీ ఆన్ చేశారు. ఢామ్మంది. గదంతా కాగితం పీలికలూ, ఆ వాసనా. కొబ్బరికాయ సరిగ్గా పగల్లేదని ఒకడన్నాడు. ఇప్పటి ఎస్ఎంపీఎస్‌లలో చాలావాటికి ఆ స్విచ్చే లేదు. 100 నుంచి 240 దాకా ఏదొచ్చినా అవే సర్దుకుంటాయి, జంట బదులు నాలుగొందల వోల్టుల పైచిలుకు తట్టుకునే కెపాసిటర్ ఒకటుంటుంది.

విప్పకండి అని ఎందుకన్నానో చెప్పాలి. 470 మైక్రోఫారడ్లూ 100 కిలో ఓములూ గుణిస్తే 47 సెకన్లు. ప్లగ్గు పీకిన నిమిషానికి కూడా 325లో 90 వోల్టులు మిగిలే ఉంటాయి. నాలుగు నిమిషాలకి గానీ రెండు వోల్టులకి దిగదు. అది కూడా ఆ రెసిస్టర్లు సవ్యంగా ఉంటేనే. వాటిలో ఒకటి తెగిపోయి ఉంటే, ఎంతసేపు నిలిచి ఉంటుందో బయట్నించి చెప్పే గుర్తేమీ ఉండదు. నిండుగా ఉన్నప్పుడు అందులో 12 జౌళ్ళ పైచిలుకు శక్తి ఉంటుంది. కిలో పంచదార పొట్లం నాలుగడుగుల ఎత్తునుంచి పడ్డంత. కాకపోతే అది మన వేళ్ళలోంచి పోతుంది. మేం మూడేళ్ళు అటక మీద ఉన్నదాన్ని కూడా మీటరు పెట్టి రెండిటి మీదా సున్నా చూశాకే ముట్టుకున్నాం.

కోచింగు షార్ట్‌కట్లు తప్పని నేననను. 67 సెకన్లలో లంక కథ గుర్తుచేసుకుంటూ కూర్చుంటే పేపరు లాక్కుంటారు. నా గొడవల్లా షార్ట్‌కట్ తన షరతుల్ని మింగేస్తుందని. కెపాసిటర్ల సీరీస్ ఫార్ములా వెనక రెండు షరతులున్నాయి: మొదట అన్నీ ఖాళీగా ఉండాలి, ఏదీ కారకూడదు. ఈ రెండూ చెప్పడానికి పది సెకన్లు పట్టదు. అవి తెలిసినవాడు ఆ రెసిస్టర్లు ఎందుకున్నాయని అడుగుతాడు. తెలియనివాడు ఖర్చు తగ్గించే మీటింగులో వాటిని పీకేద్దామంటాడు. నవ్వకండి, వాళ్ళ మాటలోనూ కొంత న్యాయముంది. రెండు రెసిస్టర్లూ కలిపి అర వాటు తింటాయి, ప్లగ్గులో ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపేసినా సరే. ఏడాదికి నాలుగున్నర యూనిట్లు. వెయ్యి సిస్టాలున్న ఆఫీసుకి 4,600 యూనిట్లు. 100 కాకుండా 470 కిలో ఓములు పెడితే ఆ ఖర్చు ఐదో వంతుకి దిగుతుంది, దాంతోపాటు వాటాల సమానత్వమూ దిగుతుంది. ఎంత పెట్టాలన్నది లెక్కేసి చెప్పేవాడే ఇంజినీరు.

మా అక్కకి ఫోన్ చేసి వాణ్ణి ఎంపీసీలోనే ఉంచమన్నాను. బావ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. తిరిగెళ్ళాక మొదటి వీకెండ్ టెస్టులో వాడి ర్యాంకేమీ పెరగలేదు, రెండు స్థానాలు తగ్గింది కూడా. "సర్క్యూట్ల బిట్లన్నీ రైటే మావయ్యా, కెమిస్ట్రీ పోయింది" అన్నాడు. కెమిస్ట్రీ నావల్ల కాదని చెప్పేశాను.

వెళ్ళేముందు మా సెల్లారులో ఎలక్ట్రిక్ స్కూటరు చూసి వాడో ప్రశ్న అడిగాడు. బ్యాటరీలో సెల్లులు కూడా సీరీసే కదా, మరి వాటి వాటాలెవరు చూస్తారని. 48 వోల్టుల లిథియం ప్యాకులో సాధారణంగా 13 సెల్లుల వరసలుంటాయి. ఒక్కోటీ 4.2 వోల్టులు దాటకూడదు. అక్కడ కూడా తేడాలు పేరుకుంటాయి, ఒకటి ముందే నిండిపోతుంది, ఇంకోటి వెనకబడుతుంది. ఛార్జరుకి కనిపించేది మొత్తం 54.6 ఒక్కటే, లోపలెవడికెంతో దానికి తెలీదు. అందుకని ప్యాకులో బీఎంఎస్ అనే బోర్డుంటుంది. అది ఒక్కో సెల్లునీ విడిగా కొలుస్తుంది. ఎక్కువైనదానికి అడ్డంగా చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చితో ఓ రెసిస్టరు కలిపి, ఎక్కువైనంత మేరా వేడిగా వదిలేసి, మళ్ళీ విడదీస్తుంది. పాత ఎస్ఎంపీఎస్‌లో రెసిస్టరు పగలూ రాత్రీ తినేది, ఇది అవసరమైనప్పుడే తింటుంది. రెసిస్టరు చేసే పని మాత్రం అదే.